సంత రోజు నిండని డబ్బా

"నేను రాను. ఆ డాక్టరుకి చెప్పినవా? వద్దని చెప్పు పో."

భీమశంకరం కొట్టు అరుగు మీంచి లేవకుండానే అన్నాడు. ఎదురుగా గిరాకీ ఎవరూ లేరు. అయినా బేరం తెగ్గొట్టేటప్పుడు వాడే గొంతే వాడాడు.

కొడుకు శ్రీరంగం చేతిలో వరంగల్ నుంచి వచ్చిన రిపోర్టు ఉంది. పొద్దున్నే ఫోన్లోకి వస్తే, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో కాగితం మీద తీయించుకొని వచ్చాడు. దాన్ని తండ్రికి చదివి వినిపించడమే తను చేసిన తెలివితక్కువ పని అని ఇప్పుడు అనిపిస్తోంది.

"శనివారం దవాఖానల మంచం ఇస్తమన్నరు నాయినా. ఇయ్యాల మంగళారం. ఇప్పుడు రానంటే ఎట్ల?"

"మొన్న వాళ్లేమన్నరు? మూత్రం తిత్తి తీసేసి, పేగుతోటి కొత్త తిత్తి లోపల్నే కుడ్తమన్నరు. సరే అన్న. ఇప్పుడేమంటున్నరు? కిడ్నీలు పాడైనయంట, కొత్త తిత్తి కుదరదంట. పొట్టకి బొక్క వెట్టి బయట సంచి అతికిస్తరంట. ఉచ్చ సంచి! అది కట్టుకొని సంతల కూసొని ఉప్పు, బెల్లం అమ్మాల్నా? ఎవడు కొంటడు?"

"కొనకపోతే పాయె. పానం ఉంటది గదా!"

"ఆ పానం నాది. నీది గాదు."

"క్యాన్సర్ నాయినా అది! కడుపునొప్పి గాదు!"

నెల రోజులుగా ఆ ఇంట్లో అందరూ 'గడ్డ' అనే అంటున్నారు. అసలు మాట ఇవాళే మొదటిసారి బయటికొచ్చింది. లోపల వంటింట్లో భీమశంకరం భార్య సుశీలమ్మ చేతిలోని గిన్నె చప్పుడు ఆగిపోయింది. శ్రీరంగం తన నోటిని తనే తిట్టుకుంటూ వీధిలోకి వెళ్లిపోయాడు.

భీమశంకరం మాత్రం కదల్లేదు. అరవై మూడేళ్ల మనిషి. భయపడ్డాడని ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అది దాచుకోడానికే అంత కోపం.

కొడుకు వదిలేసి వెళ్లిన కాగితాన్ని కోడలు తీసింది. కమలాకుమారి భోపాల్‌పట్నం మిడిల్ స్కూల్లో హిందీలో సైన్సు చెప్తుంది, ఇంట్లో తెలుగులో ప్రశ్నలు వేస్తుంది. ఏ సంగతైనా ఎందుకని అడగకుండా వదలదు. సుశీలమ్మకు కోడలి మీద ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు అది.

రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంది కమల. ఒకటి నెత్తురు పరీక్ష. అందులో కిడ్నీల లెక్క ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే కానీ మరీ భయపడేంత కాదని డాక్టరే చెప్పాడు. అనుమానం తీర్చుకుందామని పెద్ద తెల్ల డబ్బా ఒకటి ఇచ్చి, ఒక రోజు పొద్దున్నుంచి మర్నాటి పొద్దుటి దాకా వచ్చిన మూత్రమంతా చుక్క పోకుండా పట్టి పంపమన్నాడు. ఆ డబ్బా లెక్కే రెండో కాగితం. అందులో మామయ్య కిడ్నీలు నూటికి ఇరవయ్యారు వంతులే పనిచేస్తున్నాయని ఉంది.

నెత్తురు కొంచెమే చెడ్డదంటోంది. డబ్బా పూర్తిగా చెడ్డదంటోంది. మనిషి ఒక్కడే కదా!

డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన విసుక్కోకుండా విన్నాడు.

"మీరు టీచరా అమ్మా? మంచి ప్రశ్న వేశారు. నాకూ ఒక అనుమానం ఉంది. ఒంట్లోంచి రోజూ కొంత చెత్త మూత్రంలో బయటికి పోతుంది. మీ మామగారి బరువున్న మనిషికి అది వెయ్యి మిల్లీగ్రాముల చుట్టుపక్కల రావాలి. ఇక్కడ అయిదొందల అరవై వచ్చింది. అంటే డబ్బాలో సగం మనిషే ఉన్నాడు. మిగతా సగం ఎక్కడికి పోయిందో ఇంట్లో కనుక్కోండి."

కమలకు భయం పోయి ఉత్సాహం వచ్చింది. అలా రావడం తప్పేమోనని కూడా అనిపించింది. అయినా వచ్చింది.

"అత్తమ్మా, పోయిన బుధవారం డబ్బా నిండ పట్టిండ్రా?"

"పట్టిండ్రు." సుశీలమ్మ పప్పు కలుపుతూనే ఉంది.

"చుక్క పోకుండ?"

"ఏందే, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్? పట్టిండ్రంటే పట్టిండ్రు."

పప్పు ఎప్పుడో కలిసిపోయింది. గరిటె ఇంకా తిరుగుతూనే ఉంది. కమల ఆ గరిటెనే చూస్తూ నిలబడింది. ఆ రోజు తను బడిలో ఉంది, భర్త సరుకు కోసం జగదల్‌పూర్ వెళ్లాడు. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే.

ఇంతలో కొట్టు ముందు బుధ్రి గంప దించింది. ఇంద్రావతి వైపు పల్లె నుంచి వచ్చే దోర్ల తెగ మనిషి. చింతపండు ఇచ్చి ఉప్పు, నూనె పట్టుకుపోతుంది. పాతికేళ్లుగా ఆమెకు ఈ కొట్టే కొట్టు.

"ఎట్లుంది సావుకారీ? పోయిన సంతల చూస్తి నిన్ను. ఊకె లేస్తివి, చెట్ల ఎనక పోతివి, వస్తివి. మళ్ల లేస్తివి. నడుము నొస్తదా ఏంది?"

భీమశంకరం తలెత్తలేదు. "చింతపండు దించు."

"గిరాకీ ఇడిసి లేసే మనిసివి గాదు నువ్వు. నాకు బయమేసె."

కమల వంటింటి గడప దాటి వచ్చింది. "ఏ సంత బుధ్రీ?"

"మద్దేడు సంత. బుదారం నాడు."

"ఎన్నిసార్లు లేసిండు?"

బుధ్రి వేళ్లు ముడిచి చూసుకుంది. "నేనుండంగ ఆరు మాట్ల. నేను పోయినంక నాకేం ఎరుక?"

ఆరుసార్లు చెట్ల వెనక్కి! మిగతా సగం మనిషి దొరికాడు.

"మామయ్యా," అంది కమల మెల్లగా, "డబ్బా పట్టే రోజు ఇల్లు కదలొద్దన్నరు గదా డాక్టరు."

"సంతకి పోకుంట ఉంటరా?"

ఆ మాటకు అర్థం తెలియాలంటే సంతలో కూర్చున్న మనిషై ఉండాలి. నలభై ఏళ్లలో భీమశంకరం మద్దేడు సంత తప్పింది రెండుసార్లే. తండ్రి పోయినప్పుడు ఒకసారి, రోడ్డు తెగిపోయినప్పుడు ఒకసారి. సంత రోజు తెల్లవారుజామున లేచి చుక్క టీ కూడా ముట్టడు. గుడారం వేసింది మొదలు మాపటి దాకా నోట్లో నీళ్లు పోసుకోడు. తాగితే లేవాలి, లేస్తే గిరాకీ పక్కవాడి దగ్గరికి పోతుంది. అక్కడ కూర్చునే వర్తకులందరిదీ అదే పద్ధతి. బిగపట్టుకోవడం వాళ్లకు తరాజు పట్టుకోవడమంత అలవాటు. ఈ జబ్బు వచ్చాకే ఆయనకు బిగపట్టడం చేతగాకుండా పోయింది, ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు.

"డబ్బా తీస్కపోవచ్చు గదా?"

"ఏడికి? సంతకా?" భీమశంకరం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బెల్లం బుట్ట పక్కన పెట్టుకోవాల్నా? మతి ఉండే అంటున్నవా బిడ్డా?"

"మరి మాపటికి డబ్బా ఎట్ల నిండింది?"

బుధ్రి గంప పట్టుకొని ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తోంది. ఈ ఇంటివాళ్లు ఇంతసేపు మాట్లాడుకోకుండా ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

వంటింట్లోంచి సుశీలమ్మ గొంతు వినిపించింది. "నేనే పోసిన."

"ఏం పోసినవ్ అత్తమ్మా?"

"నీళ్లు. ఆయన వచ్చేసరికి డబ్బా అడుగునే ఉండె. మూడో గీత దాకా వస్తే మంచిదని ఆ డాక్టరు అన్నడు గదా. తక్కువుంటే రోగం ఎక్కువుందంటరేమోనని మూడో గీత దాకా పోసిన." కొంచెం ఆగి ఆత్మగౌరవంగా చేర్చింది. "మంచి నీళ్లే. వడగట్టి పోసిన."

కమల నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కలిసి వచ్చాయి. అత్త మాత్రం నవ్వలేదు. కళ్ల నిండా నీళ్లు పెట్టుకొని, తప్పు చేసిన పిల్లలాగా వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఆ ముఖం చూశాక కమలకూ నవ్వు పోయింది.

"నువ్వు పోసినవా?" భీమశంకరం భార్య వైపు తిరిగాడు. "నాకు చెప్పలే."

"నువ్వు సంతల పారవోసినట్టు నాకు చెప్పినవా?"

మళ్లీ ఫోన్ చేస్తే డాక్టరు గట్టిగా నవ్వాడు. నీళ్లు పోసినంత మాత్రాన లెక్క మారదట. పల్చబడుతుందే తప్ప, లేని చెత్త వచ్చి చేరదట. "రేపు పొద్దున మొదలుపెట్టి ఎల్లుండి పొద్దున దాకా మళ్లీ పట్టండి. ఈసారి డబ్బా చల్లగా ఉంచండి. యాభై దాటితే నేను కొత్త తిత్తి కుట్టడానికి సిద్ధం. ముప్పై లోపలుంటే సంచి తప్పదు."

"నడిమిట్ల వస్తే?" అని అడిగింది కమల.

"వచ్చినప్పుడు మాట్లాడుకుందాం."

రేపంటే బుధవారం. మళ్లీ మద్దేడు సంతే.

ఆ రోజు భీమశంకరం పడ్డ బాధ ఇంతా అంతా కాదు. పొద్దున్నే సంతకు పోయే పికప్పులు ఇంటి ముందు నుంచి ఒక్కొక్కటే పోతుంటే, ఒక్కొక్క దాని హారను విని ఎవరిదో పేరు చెప్పాడు. అరుగు మీదికి పోవద్దని, బడికి సెలవు పెట్టిన కోడలు పెరట్లో కుర్చీ వేసింది.

డబ్బా చల్లగా ఉండాలనగానే కమల ఫ్రిజ్ తలుపు తీసింది. సుశీలమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది.

"పాలు, పెరుగు ఉండే దాంట్లనా? నేను సచ్చినా ఒప్పుకోను."

"మూత గట్టిగున్నది అత్తమ్మా."

"మూత డబ్బాకున్నది. నా మనసుకి లేదు."

చివరికి శ్రీరంగం కూల్‌డ్రింకుల షాపు నుంచి ఐసుగడ్డలు తెచ్చి తొట్టిలో పోశాడు. డబ్బాను దాంట్లో కూర్చోబెట్టారు. తండ్రీ కొడుకుల మధ్య నిన్నటి నుంచి మాటలు లేవు. ఐసు తెచ్చినప్పుడు మాత్రం, "కరిగితే చెప్పు, మళ్ల తెస్త" అన్నాడు కొడుకు. "చెప్త" అన్నాడు తండ్రి. అంతటితో రాజీ అయినట్టే.

మధ్యాహ్నానికి భీమశంకరానికి పని లేక ఆ డబ్బా మీద ఆసక్తి పుట్టింది. లేచిన ప్రతిసారీ గీత చూసుకొని వస్తున్నాడు.

"కమలా, ఈ కిడ్నీ చేసే పనేంది అసలు?"

"నెత్తురు వడగడ్తది మామయ్యా. పనికొచ్చేది ఉంచుకొని, పనికిరానిది బయటికి తోలుతది."

"చాట లెక్కనా?"

"చాట లెక్కనే."

"మరి నా చాటకేమైంది?"

"అదే చూస్తున్నం."

మాపటికి డబ్బా నాలుగో గీత దాటిందని ఆయనే వచ్చి చెప్పాడు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. మర్నాడు పొద్దున్న ఆఖరి చుక్కతో సహా మూత బిగించి, శ్రీరంగం మోటారు సైకిలు మీద గోదావరి వంతెన దాటి వరంగల్ తీసుకుపోయాడు.

శుక్రవారం నాలుగింటికి డాక్టరే ఫోన్ చేశాడు. కమల స్పీకరు పెట్టి ఫోన్ను కొట్టులో ఉప్పు బస్తా మీద ఉంచింది. అందరూ దాని చుట్టూ చేరారు.

"ఈసారి మనిషి పూర్తిగా వచ్చాడు," అన్నాడు డాక్టరు. "వెయ్యీ పది. కిడ్నీల లెక్క నలభై ఆరు."

శ్రీరంగం తండ్రి భుజం పట్టుకున్నాడు. ఇరవయ్యారు నుంచి నలభై ఆరు! సుశీలమ్మ రెండు చేతులూ జోడించింది.

"అయితే సంచి లేదు గదా సారూ?" భీమశంకరం ఫోన్ మీదికి వంగాడు.

"అదే నడుమ లెక్క పెద్దాయనా. అనుకున్నంత చెడ్డగా లేవు. కానీ కిడ్నీలకు జబ్బు ఉన్నమాట నిజం. ఇప్పుడు రెండు దారులున్నాయి, రెండూ చెప్తాను, వినండి. కొత్త తిత్తి పేగుతో చేస్తాం. దానికి నిండిందని తెలియదు. మీరే గడియారం చూసుకొని మూడు గంటలకోసారి లేచి వంచాలి, పడుకున్నా సరే. నీళ్లు బాగా తాగాలి. బిగపట్టారంటే ఆ చెత్త మళ్లీ నెత్తురులోకి పోతుంది, ఉన్న నలభై ఆరు కూడా పోతుంది. సంతలో కూర్చొని చేయగలరా?"

భీమశంకరం గోడ మీది గడియారం వంక చూశాడు.

"సంచి అయితే దానంతట అది నిండుతుంది. మీరు పొద్దున్నుంచి మాపటి దాకా కూర్చున్నా బిగపట్టేదేమీ ఉండదు. గిరాకీ లేని వేళ చూసి రెండు మూడుసార్లు వంచుకుంటే చాలు."

ఇన్నాళ్లూ సంతకు పోవడం కోసమే ఆయన సంచి వద్దన్నాడు. సంత కావాలంటే సంచే కావాలని డాక్టరు చెప్తున్నాడు. అటు తిరిగినా ఇటు తిరిగినా అదే గోడ తగిలింది. ఆయన ముఖంలో కోపం లేదు, దిగులు కూడా లేదు. ఎరుగని సరుకేదో ముందు పెడితే చూసినట్టు ఫోన్ వంక చూస్తున్నాడు.

అప్పుడు సుశీలమ్మ ముందుకొచ్చింది. పరాయి మగవాడితో ఫోన్లో ఎప్పుడూ మాట్లాడని మనిషి.

"సారూ, ఏది చేస్తే ఎక్కువ ఏండ్లుంటడు?"

"ఏండ్లు నేను చెప్పలేనమ్మా. కిడ్నీలకు మంచిది ఏదని అడిగితే మాత్రం సంచే."

ఆమె భర్త వైపు చూడలేదు. చూస్తే ఏడుపు ఆగదని ఆమెకు తెలుసు.

"రేపే మంచం," అన్నాడు డాక్టరు. "ఇవాళే చెప్పాలి. సంచి వద్దనుకుంటే వద్దనే చెప్పండి, బలవంతం లేదు. ఆపరేషనే వద్దంటే మాత్రం గడ్డ ఊరుకోదు."

భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. "సారూ, నేను సరుకు చూడకుంట ఎప్పుడూ కొనలే. ఆ సంచి కట్టుకున్నోణ్ణి ఒకణ్ణి నాకు చూపియ్యిండ్రి. బొమ్మ గాదు, మనిషిని. మాట్లాడి చెప్త."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఒకాయన ఉన్నాడు," అన్నాడు డాక్టరు చివరికి. "మీ ఊరాయనే. రెండేళ్ల కింద చేశాం. పేరు నేను చెప్పకూడదు. ఫోన్ చేసి అడుగుతాను. ఆయన ఒప్పుకుంటే వస్తాడు, లేకపోతే లేదు."

ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో ఎవరికీ మనసు నిలవలేదు. మా ఊరాయనా! ఉన్న ఊరు ఇంత. బట్టల కొట్టాయనా? చొక్కా ఎప్పుడూ వదులుగా వేసుకుంటాడు. పోస్టాఫీసు పెద్దాయనా? ఆయన రెండేళ్ల కింద నెల రోజులు కనబడలేదు. శ్రీరంగం ఒక పేరు చెప్తే కమల కొట్టేసింది, కమల చెప్పింది సుశీలమ్మ కొట్టేసింది. భీమశంకరం అందరి నడకలూ, పొట్టలూ గుర్తు చేసుకుంటూ చాప మీద కూర్చున్నాడు. ఎవరూ కుదరలేదు.

గంట కూడా కాలేదు. ఎండ ఇంకా అరుగు మీద ఉండగానే ఎవరో మెట్టెక్కిన చప్పుడైంది.

రామలింగం!

మద్దేడు సంతలో భీమశంకరం గుడారం పక్క గుడారం ఆయనదే. గాజులు, ప్లాస్టిక్ సామాన్లు అమ్ముతాడు. ఆరేళ్ల కింద గుడారం తాడుకు మేకు ఎవరి జాగాలో కొట్టాలని ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. ఆనాటి నుంచి మాటల్లేవు. ప్రతి బుధవారం మూరెడు దూరంలో, పొద్దున్నుంచి మాపటి దాకా, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చుంటారు.

శ్రీరంగం కంగారుగా లేచాడు. రామలింగం అతన్ని పట్టించుకోలేదు. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు. చెమట పట్టి ఉన్నాడు. ఇక్కడి దాకా రావడానికి ఆయనకు ఎంత కష్టమైందో కనబడుతూనే ఉంది.

"శంకరన్నా," అన్నాడు. "నా పెండ్లాంకి, డాక్టరుకి తప్ప ఇది ఎవరికీ తెల్వదు. నా కొడుక్కి గూడ తెల్వదు."

భీమశంకరం కూర్చున్నచోటే ఆయన వైపు తిరిగాడు.

"రెండేండ్లు నీ పక్కనే కూసున్న. నీకేమన్న తెల్సిందా?"

భీమశంకరం ఆయన్ని కాళ్ల నుంచి తల దాకా చూశాడు. మళ్లీ తల నుంచి నడుము దాకా చూశాడు. వదులు చొక్కా కూడా కాదు, మామూలు చొక్కానే.

"తలుపెయ్యి," అన్నాడు భార్యతో. తర్వాత చాప మీద కొంచెం పక్కకు జరిగి, రామలింగానికి జాగా ఇచ్చాడు. "ఏదీ, చూపియ్యి."